థెరపిస్టులకు రెండు రోజుల వర్క్‌షాపులు చాలవు

సంపాదకులకు నమస్కారం.

మానసిక ఆరోగ్యం గురించి మీ పత్రికలో ఈ మధ్య వరసగా వ్యాసాలు వస్తున్నాయి, అన్నీ శ్రద్ధగా చదువుతున్నాను. దాదాపు అన్నిట్లోనూ ఒకటే మాట: సైకియాట్రిస్టులు, సైకాలజిస్టులు, కౌన్సెలర్లు సరిపడా లేరు, ఇంకా చాలామందిని తయారు చేయాలి. నిజమే, కాదనను. కానీ ఇప్పటికే తయారై, రోజూ గదిలో కూర్చుని మనుషుల బాధలు వింటున్న మా సంగతేమిటి? డిగ్రీ చేతికొచ్చాక మేం ఎవరి దగ్గర నేర్చుకుంటున్నాం, ఎలా నేర్చుకుంటున్నాం, అసలు నేర్చుకుంటున్నామా లేదా అన్నది మాత్రం ఎవరూ అడగడం లేదు. పదకొండేళ్లుగా ప్రాక్టీసులో ఉన్నాను, అందులో గత నాలుగేళ్లుగా సైకోడైనమిక్ థెరపీలో పై శిక్షణ తీసుకుంటున్నాను, అందుకని ఆ ప్రశ్న నేనే అడిగి నాకు తెలిసినంతలో జవాబు కూడా రాస్తున్నాను. ఉత్తరం కాస్త పొడుగైంది, మన్నించాలి.

చేస్తూ చేస్తూ ఉంటే అనుభవమే నేర్పుతుంది కదా అని చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. 2016లో గోల్డ్‌బర్గ్, ఆయన సహచరులు కలిసి ప్రచురించిన ఒక అధ్యయనం చదివాక ఆ నమ్మకం కదిలింది. 170 మంది థెరపిస్టులు, వాళ్ల దగ్గరికి వచ్చిన ఆరున్నర వేలకు పైగా క్లయింట్లు, కొందరు థెరపిస్టుల విషయంలో ఏకంగా 18 ఏళ్ల లెక్కలు. ఏళ్లు గడిచేకొద్దీ థెరపిస్టుల ఫలితాలు సగటున మెరుగుపడలేదు, పైగా అతి కొద్దిగా తగ్గాయి. మధ్యలో మానేసే క్లయింట్లు మాత్రం అనుభవంతో తగ్గారు. అంటే మనిషిని కూర్చోబెట్టుకోవడం అలవాటవుతోంది గానీ, కూర్చున్న మనిషికి మనవల్ల జరిగే మేలు దానంతటదే పెరగడం లేదన్నమాట. ఇది సగటు లెక్క, అందులో బాగా ఎదిగినవాళ్లూ ఉన్నారు. అయినా చదివిన రోజు రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

సైకోడైనమిక్ థెరపీ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మనల్ని ఇప్పుడు బాధపెడుతున్నదాని వెనక, మనకే తెలియకుండా మళ్లీ మళ్లీ నడిచే పాత కథ ఒకటి ఉంటుందని, చిన్నప్పుడు దగ్గరివాళ్లతో ఎలా మసలుకోవడం నేర్చుకున్నామో పెద్దయ్యాక అందరితోనూ అలాగే మసలుకుంటామని ఈ పద్ధతి చెబుతుంది. ఆ కథ బయట మాత్రమే కాదు, థెరపీ గదిలో, థెరపిస్టుతో కూడా నడుస్తుంది. దాన్నే ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు. దానికి థెరపిస్టు మనసులో లేచే స్పందన కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్. పరీక్షలో ఈ రెండింటికీ నిర్వచనాలు రాసి మార్కులు తెచ్చుకోవడం తేలిక. ఎదురుగా మనిషి కూర్చుని ఉన్నప్పుడు, అది జరుగుతున్న క్షణంలోనే గుర్తుపట్టడం వేరే పని.

ఎంత కష్టమో, ఈ థెరపీకి మూలమైన మనోవిశ్లేషణ (సైకోఎనాలిసిస్) పద్ధతిని మొదలుపెట్టిన ఫ్రాయిడ్ జీవితంలోనే ఉంది. 1900లో 18 ఏళ్ల అమ్మాయి ఒకరు ఆయన దగ్గరికి వచ్చి, మూడు నెలలైనా నిండకుండానే ఒకరోజు ఇక రానని చెప్పి వెళ్లిపోయింది. డోరా అనే మారుపేరుతో ఆమె గురించి 1905లో ప్రచురించినప్పుడు, తాను ట్రాన్స్‌ఫరెన్స్‌ను సమయానికి పట్టుకోలేకపోయానని ఆయనే రాసుకున్నాడు. ఆ పద్ధతిని కనిపెట్టిన మనిషికే అది గదిలో ఉండగా చేజారిపోయింది. అది చదివినప్పుడు నాకు నా దగ్గర మానేసిన ఒక అమ్మాయి గుర్తొచ్చింది. మూడో నెలలో ఆమె నా మీద చిరాకు చూపించడం మొదలుపెట్టింది. నేను కంగారుపడి క్షమాపణ చెప్పాను, ఆమె అడగకుండానే సెషన్ టైమ్ మార్చాను, మాటలో ఇంకాస్త తియ్యదనం కలిపాను. ఆ కోపం ఎక్కడిదో వినలేదు, దాన్ని చల్లార్చడానికే చూశాను. తర్వాతి వారం ఆమె రాలేదు. ఆ తర్వాతా రాలేదు. అప్పటికి నాకు ప్రాక్టీసులో ఆరేళ్లు నిండాయి.

ఆ తర్వాతే శిక్షణ కోసం వెతకడం మొదలుపెట్టాను. మొదట దొరికింది రెండు రోజుల వర్క్‌షాపు. పెద్ద హాలు, నిండా జనం, పొద్దుటి నుంచి స్లైడ్లు, రెండో రోజు సాయంత్రానికి అందరి చేతుల్లో సర్టిఫికెట్లు. చెప్పినాయన బాగానే చెప్పారు, విషయంలో తప్పేమీ లేదు. కానీ ఆ రెండు రోజుల్లో ఒక్కరి కేసు కూడా ఎవరూ మాట్లాడలేదు, "నాకు ఫలానా క్లయింట్ దగ్గర ఇలా అయింది" అని చెప్పుకునే చోటే లేదు. సోమవారం పొద్దున నా గదిలో కూర్చుంటే నేను పాత నేనే, గోడ మీద మాత్రం ఇంకో ఫ్రేము. ఇలాంటివి ఒకటి కాదు, మూడు చేశాను.

ఆలోచిస్తే, పై శిక్షణ ఎలా ఉండాలన్నది కొత్తగా కనిపెట్టాల్సిన పని కూడా కాదు. 1920లో బెర్లిన్‌లో మాక్స్ ఐటింగన్, కార్ల్ అబ్రహాం అనే మనోవిశ్లేషకులు కలిసి ఒక క్లినిక్ తెరిచారు. డబ్బు కట్టలేనివాళ్లకూ అక్కడ చికిత్స దొరికేది, అక్కడే కొత్త తరం నేర్చుకునేది కూడా. ఆ శిక్షణకు మూడు కాళ్లు: నేర్చుకునేవాళ్లు తాము కూడా ఇంకొకరి దగ్గర థెరపీకి వెళ్లాలి, తాము చూస్తున్న కేసుల్ని సీనియర్ దగ్గర క్రమం తప్పకుండా చర్చించాలి (దీన్నే సూపర్విజన్ అంటారు), చదువూ సెమినార్లూ ఉండాలి. వందేళ్లు దాటినా ఆ మూడూ అలాగే నిలిచాయి. వర్క్‌షాపుల్లో మనకు అందుతున్నది మూడో కాలు ఒక్కటే, అదీ సగమే.

మిగతా రెండూ ఎందుకు ముఖ్యమో నాకు అర్థమైన తీరు చెబుతాను. (వివరాలు మార్చాను, ఆయన అనుమతి కూడా తీసుకున్నాను.) నా దగ్గరికి నలభై దాటిన ఒకాయన వచ్చేవారు. ఎంతో మర్యాదస్తులు. సరిగ్గా టైముకి వస్తారు, పని ఒత్తిడి గురించి, నిద్ర గురించి మాట్లాడతారు, యాభై నిమిషాలు కాగానే లేస్తారు. ఆయన కేసునే వారం వారం సూపర్విజన్‌కు తీసుకెళ్లేదాన్ని. పద్ధతి ఏమిటంటే, సెషన్ జరుగుతుండగా ఏమీ రాసుకోకూడదు. అయిపోయాక జ్ఞాపకం నుంచి రాయాలి. ఆయన ఏమన్నారు, నేనేమన్నాను, ఎక్కడ మౌనం వచ్చింది, నాలో ఏమనిపించింది, అన్నీ. రికార్డింగ్ కంటే ఇదే ఎందుకు మేలంటే, మనం ఏది మర్చిపోయామో కూడా అందులో తెలుస్తుంది. ఈ ముక్క నాకు మొదట అర్థం కాలేదు.

ఆరేడు వారాలయ్యాక ఒకరోజు మా సూపర్వైజర్ మేడమ్ నా నోట్సు పక్కన పెట్టి, "సెషన్ ఎలా ముగిసింది?" అని అడిగారు.

"మామూలుగానే మేడమ్."

"మామూలుగా అంటే?"

"టైమ్ అయింది, లేచారు, వెళ్లారు."

"లేచాక తలుపు దాకా వెళ్లేలోపు ఏమైనా అన్నారా?"

అప్పుడు గుర్తొచ్చింది. అన్నారు. ప్రతివారం అంటూనే ఉన్నారు. తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి కొంచెం నవ్వి, "మీకు చాలామంది ఉంటారు కదా మేడమ్" అనేవారు. నేను వెంటనే, "అలాంటిదేం లేదండీ, మీరూ నాకు ముఖ్యమే" అనేదాన్ని. ఏడు వారాల నోట్సులో ఒక్కసారి కూడా ఈ మాట లేదు. కావాలని వదిలేయలేదు, రాయడానికి కూర్చుంటే అసలు తలపుకే రాలేదు.

మేడమ్ నన్ను తప్పు పట్టలేదు. ఆయన ఆ మాట అన్నప్పుడు మీ ఒంట్లో ఏమవుతుంది అని మాత్రం అడిగారు. ఆలోచిస్తే, కడుపులో చిన్నగా మెలిపెట్టినట్టు ఉండేది, ఎవరో నా మీద అలిగి వెళ్లిపోతున్నట్టు. అది ఎందుకో సూపర్విజన్‌లో తేలే విషయం కాదు. దానికి నా థెరపీ ఉంది. ఇంట్లో ఎవరి మొహం చిన్నబోయినా సర్దిచెప్పే పెద్దకూతుర్ని నేను. ఎవరైనా అసంతృప్తితో గుమ్మం దాటితే నాకు తట్టుకోవడం రాదు. మానేసిన ఆ అమ్మాయి కోపాన్ని చల్లార్చడానికి పరిగెత్తిందీ ఈ పెద్దకూతురే, ఈయన ఆఖరి మాటను నోట్సులోంచి తుడిచేసిందీ ఈ పెద్దకూతురే. ఇది నాకు ఏ పుస్తకం చెబుతుంది? ఏ హాలులో ఏ స్లైడు మీద రాసి ఉంటుంది?

తర్వాతి సెషన్ మొదట్లోనే నేను అడిగాను: "పోయినవారం వెళ్తూ ఒక మాట అన్నారు, నాకు చాలామంది ఉంటారని. దాని గురించి ఇవాళ మాట్లాడుకోవచ్చా?" ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. గోడ గడియారం చప్పుడు వినపడేంత మౌనం. నోటిదాకా వచ్చిన ఓదార్పు మాటను రెండుసార్లు మింగాను. తర్వాత చెప్పారు, చిన్నప్పుడు వాళ్లమ్మ పోయాక బంధువుల ఇళ్లలో పెరిగారట, ఏ ఇంట్లోనైనా తన వంతు చివర వచ్చేదట. అడిగితే ఇస్తారు, కానీ అడిగినందుకు చిన్నతనం. "మీ దగ్గర కూడా టైము అయిపోయిందని మీరే చెబుతారు, నేను లేవాలి" అన్నారు, అంటున్నప్పుడు ఆయన గొంతులో మొదటిసారి కోపం వినిపించింది. నేను సర్దిచెప్పలేదు. కూర్చున్నాను, విన్నాను. అది నాకు తేలిక కాలేదు. కానీ అక్కడి నుంచి ఆ థెరపీ మారింది, పని ఒత్తిడి దగ్గర తిరిగే మాటలు ఆయన జీవితం దగ్గరికి వచ్చాయి.

ఫ్రాయిడ్ 1910లో కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్ అనే మాట వాడినప్పుడు అది థెరపిస్టు తనలో గుర్తించి అదుపులో పెట్టుకోవాల్సిన అడ్డంకి. 1950లో పౌలా హైమన్ అనే మనోవిశ్లేషకురాలు దాన్ని తిప్పి చూపించారు: థెరపిస్టులో లేచే భావన, క్లయింట్ లోపల ఏం జరుగుతోందో తెలుసుకునే పనిముట్టు కూడా అని. ఆ ఆలోచన ఈ రంగం దిశనే మార్చింది. అయితే ఒక హెచ్చరిక ఉంది. పనిముట్టు అన్నారు కదా అని నాకనిపించిందల్లా క్లయింట్ గురించే అనుకుంటే ఘోరం జరిగిపోతుంది. నా కడుపులో మెలిక సగం ఆయనది, సగం నాది. ఏది ఎవరిదో విడదీయడం నేర్చుకోవాలంటే సొంత థెరపీ, సూపర్విజన్ రెండూ కావాలి, అదీ ఏళ్ల తరబడి. అందుకే ఈ శిక్షణ నెమ్మదిగా సాగుతుంది. ఎవరో కావాలని సాగదీస్తున్నారని కాదు.

నెమ్మది అంటే గుర్తొచ్చింది. 1948లో లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో ఎస్తర్ బిక్ పిల్లల థెరపిస్టుల శిక్షణలో ఒక పద్ధతి పెట్టారు. నేర్చుకునేవాళ్లు ఏదైనా ఒక కుటుంబంలో పుట్టిన పసిబిడ్డను వారానికో గంట చొప్పున రెండేళ్ల పాటు వెళ్లి చూడాలి. సలహా ఇవ్వకూడదు, అక్కడ కూర్చుని రాసుకోకూడదు, ఊరికే చూడాలి. తర్వాత రాసుకొచ్చి చిన్న గుంపులో చదవాలి. ఇప్పటికీ చాలా చోట్ల ఇది శిక్షణలో భాగం. ఏమీ చేయకుండా చూడటం రావాలంటే రెండేళ్లు పడుతుందని ఆవిడకు తెలుసు.

ఇదంతా పని చేస్తుందా అని అడిగేవాళ్లు ఉంటారు, అడగాలి కూడా. 2015లో టావిస్టాక్ నుంచే వచ్చిన అధ్యయనం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అందులో గొప్పలు లేవు. కనీసం రెండు చికిత్సలు చేయించుకున్నా తగ్గని డిప్రెషన్‌తో ఉన్న 129 మందిని తీసుకున్నారు. కొందరికి మామూలు చికిత్స, కొందరికి దాంతోపాటు 18 నెలలు వారం వారం మనోవిశ్లేషణ పద్ధతి థెరపీ. థెరపీ అయిపోయే నాటికి రెండు గుంపుల మధ్య పెద్ద తేడా లేదు. తేడా తర్వాత కనిపించింది. ఆ తర్వాత రెండేళ్లకు చూస్తే థెరపీ తీసుకున్నవాళ్లలో 30 శాతం మందికి పాక్షికంగా ఉపశమనం నిలిచింది, మిగతావాళ్లలో అది 4.4 శాతమే. పూర్తిగా తగ్గినవాళ్లు రెండు గుంపుల్లోనూ తక్కువే. ఎన్నేళ్లుగానో లొంగని బాధ విషయంలో ఇది చిన్న ఫలితమని నేననుకోను.

ఇంకో అధ్యయనం నా వాదనకు కొంచెం అడ్డు వస్తుంది, అయినా దాచను. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (భావోద్వేగాలూ, మనుషులతో సంబంధాలూ నిలకడ లేకుండా ఊగిపోయే మానసిక సమస్య) ఉన్నవాళ్లకు బేట్‌మన్, ఫోనగీ తయారు చేసిన చికిత్స ఒకటుంది, మెంటలైజేషన్ ఆధారిత చికిత్స, అంటే తన మనసులోనూ ఎదుటివారి మనసులోనూ ఏముందో అర్థం చేసుకోవడం నేర్పేది. 1999లో మొదటి ఫలితాలు ప్రచురించారు. అధ్యయనంలో చేరిన ఎనిమిదేళ్లకు చూస్తే, ఆ చికిత్స తీసుకున్నవాళ్లలో ఇంకా ఆ రోగ నిర్ధారణ ప్రమాణాలకు సరిపోయినవాళ్లు 13 శాతమే, మామూలు చికిత్స పొందినవాళ్లలో 87 శాతం. ఆ థెరపీ చేసినవాళ్లు ఏళ్ల తరబడి మనోవిశ్లేషణ చదివినవాళ్లు కాదు, మానసిక వైద్యంలో పనిచేస్తున్న నర్సులు. కాబట్టి పొట్టి కోర్సులు వద్దని నేను అనడం లేదు. కానీ ఆ నర్సులు కోర్సు పూర్తి చేసి ఒంటరిగా గదుల్లోకి వెళ్లిపోలేదు, ఒక టీముగా ఉన్నారు, సూపర్విజన్ వాళ్ల రోజువారీ పనిలో భాగం. కోర్సు పొట్టిదైనా ఫరవాలేదు, దాని తర్వాత మనిషి తోడు ఉండాలి. మనకు జరుగుతున్నది కోర్సు ఇచ్చి చెయ్యి వదిలేయడం.

ఇక అడ్డంకులు. డబ్బు, టైము అందరికీ తెలిసినవే. సంస్థల్లో పనిచేసేవాళ్లు రోజుకు పది మందిని చూస్తూ, సూపర్విజన్‌కు సెలవు పెట్టుకుని వెళ్లాల్సి వస్తోంది. ఆ గంటను పని గంటల్లో కలపాలి. అది ఉద్యోగికి చేసే ఉపకారం కాదు, క్లయింట్ భద్రత.

ఎవరూ పెద్దగా మాట్లాడనిది భాష గురించి. శిక్షణ దాదాపు మొత్తం ఇంగ్లిషులో నడుస్తుంది, క్లయింట్లు ఏడ్చేది తెలుగులో. ఒకావిడ నాతో "బెంగగా ఉందండీ" అన్నారు. సూపర్విజన్ కోసం ఇంగ్లిషులో నోట్సు రాస్తూ నేను దాన్ని యాంగ్జైటీ అని రాసేశాను. తర్వాత చూసుకుంటే మనసు చివుక్కుమంది. బెంగ అంటే యాంగ్జైటీనా? బెంగ ఎవరో ఒకరి మీద ఉంటుంది. వదిలి వచ్చిన మనిషి మీదో, వదిలి వెళ్లిన మనిషి మీదో. "ఎవరి మీద బెంగ?" అన్న ఒక్క ప్రశ్నలో ఆవిడ కథ మొత్తం ఉంది, నేను చేసిన అనువాదం ఆ ప్రశ్ననే మింగేసింది. అప్పటి నుంచి క్లయింట్ మాటల్ని క్లయింట్ భాషలోనే రాస్తున్నాను, వ్యాఖ్య ఏ భాషలో రాసినా సరే. తెలుగులో కేసులు చర్చించే బృందాలు రావాలి. అలకకీ కోపానికీ తేడా, ఉక్రోషానికీ ఏడుపుకీ తేడా థెరపిస్టు చెవికి పట్టకపోతే ట్రాన్స్‌ఫరెన్స్ ఎక్కడ పట్టుబడుతుంది?

శిక్షణ ఇచ్చే సంస్థలకు కూడా ఒకటి చెప్పాలి. సూపర్వైజర్, సొంత థెరపిస్టు ఎప్పుడూ వేర్వేరు మనుషులై ఉండాలి, థెరపీలో చెప్పుకున్నది మార్కులు వేసేవాళ్ల చెవిన పడకూడదు. ఒకప్పుడు కొన్ని శిక్షణ సంస్థల్లో అభ్యర్థి సొంత మనోవిశ్లేషకుడే అతని పురోగతి గురించి సంస్థకు రిపోర్టు ఇచ్చే పద్ధతి ఉండేది, అలాగైతే ఎవరూ మనసు విప్పి నిజం మాట్లాడరని గ్రహించి చాలా చోట్ల మానేశారు. ఆ తప్పును మనం మళ్లీ మొదటి నుంచి చేయనక్కర్లేదు.

పూర్తి శిక్షణ దొరకనివాళ్లకు ఒక దారి చెబుతాను. 1950లలో లండన్‌లో మైకేల్ బాలింట్, ఈనిడ్ బాలింట్ మామూలు డాక్టర్లను చిన్న గుంపుగా కూర్చోబెట్టి కేసులు మాట్లాడించారు. రోగం గురించి కాదు, ఆ రోగి ఎదురుగా కూర్చుంటే డాక్టరుకు ఏమవుతోందన్నదాని గురించి. వాళ్లందరూ పూర్తిస్థాయి ప్రాక్టీసులో ఉన్నవాళ్లే, ఎవరూ పని మానుకుని రాలేదు. బాలింట్ గ్రూపులు అనే పేరుతో అవి ఇప్పటికీ నడుస్తున్నాయి. మాకు హాలు, స్లైడ్లు, సర్టిఫికెట్లు ఏమీ అక్కర్లేదు. ఆరేడుగురం, వారానికి గంటన్నర, ఒకరు కేసు చెబితే మిగతావాళ్లు సలహాలు ఇవ్వడానికి తొందరపడకుండా వింటే చాలు, నడిపించడానికి మాత్రం అనుభవం ఉన్న ఒక సీనియర్ కావాలి.

ఆ సీనియర్లు ఈ పత్రిక చదువుతారనే ఈ ఉత్తరం. మీలో చాలామంది ముప్పై ఏళ్లు, నలభై ఏళ్లు ఈ పని చేసినవాళ్లు. దయచేసి వారంలో ఒక్క సాయంత్రం మాకు కేటాయించండి. సంపాదకులకూ ఒక విన్నపం: మానసిక ఆరోగ్య శిక్షణ గురించి వార్త వేసినప్పుడల్లా ఎంతమంది సర్టిఫికెట్లు పుచ్చుకున్నారని కాకుండా, కోర్సు అయిపోయాక వాళ్ల కేసులు ఎవరు వింటున్నారని మీ విలేకరితో అడిగించండి.

ఇట్లు,
ఒక కౌన్సెలింగ్ సైకాలజిస్ట్